మూడో అభ్యర్థి వైభోగం

పోయిన ఫిబ్రవరి పదకొండున మా ఇంట్లో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బొరుగులు నానబెట్టి ఉగ్గాని నేనే చేశాను, మా ఆవిడ పోయాక నేర్చుకున్న విద్య. ఉప్పు తగ్గింది. మా అమ్మాయి అట్లే తినేసింది. ఆ రోజు ఆమెకు యూనివర్సిటీలో ఇంటర్వ్యూ.

నన్నడిగితే, యూనివర్సిటీ ఉద్యోగం కన్నా ఇంటర్వ్యూకు పిలుపే గొప్పది! ఉద్యోగం ఒక్కసారి వస్తుంది. పిలుపు ఏడాది పొడుగునా వస్తుంది. ఏది మేలో మీరే చెప్పండి.

మా మధులత టమోటా తెగుళ్ల మీద పీహెచ్‌డీ చేసింది. పత్తికొండ చేలల్లో ఎండనపడి తిరిగింది. కానీ ఆమె అసలు అర్హత అది కాదు. ఏ రీసెర్చ్ పోస్టుకైనా ముగ్గురు హాజరైతేనే సెలక్షన్ కమిటీ కూర్చోవాలని అక్కడ రూలు. మొదటివాడు ఉద్యోగం వచ్చేవాడు, పేరు ముందే అందరికీ తెలుసు. రెండోవాడు అతని స్నేహితుడు, తోడొస్తాడు. మూడో సింహాసనం మా అమ్మాయిది!

ఎంత మర్యాదనుకున్నారు? సూపరింటెండెంటు శివప్రసాద్ స్వయంగా ఫోన్ చేస్తాడు. "రేపు మళ్లా ఇంటర్వ్యూ ఉండాది. నువ్వు రాకుంటే కమిటీ కూచోదు తల్లీ" అంటాడు. టీ, క్రీమ్ బిస్కెట్లు ఇస్తారు. ఒక ప్రొఫెసర్ ఆమె థీసిస్ తెరవకుండానే ప్రతిసారీ మెచ్చుకుంటాడు. ఆ యూనివర్సిటీ పేరు చెప్పను, వాళ్ల టీ తాగినవాళ్లం.

అయితే ఈసారి పోస్టు టమోటా ప్రాజెక్టులో. పైగా ఆ నెలాఖరుకు ఆమెకు వయోపరిమితి దాటిపోతుంది. బస్సులో నా చెయ్యి పట్టుకుని, "ఈసారి నా సబ్జెక్టే నాయనా. అడిగితే చాలు, చెప్తా" అంది.

వెళ్లి చూస్తే మొదటివాడికి బెంగళూరులో ఉద్యోగం దొరికిందట, రాలేదు. అతను రాకపోతే స్నేహితుడికేం పని? హాల్లో మా అమ్మాయి ఒక్కతే. ఇక పోటీయే లేదు! నేను సంబరంగా గేటు బయటికెళ్లి జిలేబీ కట్టించుకొచ్చాను.

శివప్రసాద్ మెట్ల మీదే ఎదురొచ్చాడు.

"ఏం చేసేదప్పా, పాప ఒక్కతే వచ్చిండాది. ముగ్గురు లేకుంటే కమిటీ కూచోదు గదా."

రూలు రూలే. ఇన్నాళ్లూ పరాయివాళ్ల ఉద్యోగాలకు మూడో మనిషిగా అక్కరకొచ్చిన పిల్ల, తన ఉద్యోగానికి ఒక్క మనిషిగా పనికిరాలేదు. జిలేబీ శివప్రసాదుకే ఇచ్చి వచ్చాం. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు?

ఏప్రిల్లో అదే పోస్టుకు మళ్లీ ప్రకటన పడింది. ఒక సాయంత్రం శివప్రసాద్ మా అమ్మాయికి ఫోన్ చేశాడు. ఆమెకు వయసు దాటిందని అతనికీ తెలుసు. ఈసారి ఇద్దరే తేలారట, తెలిసిన పిల్లలెవరైనా ఉంటే పంపమన్నాడు. "చూస్తాలే అన్నా" అని మా అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

తర్వాత పెరట్లో టమోటా నారుకు నీళ్లు పోసి వచ్చింది. రాత్రి నేను నిద్రపోయాననుకుని, చప్పుడు కాకుండా తన గది తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టింది.