సమయానికి ఇంటికెళ్లడంపై అధ్యయన యాత్ర

ఉద్యోగులు సమయానికి ఇళ్లకు ఎలా వెళ్లాలో తెలుసుకునేందుకు మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ముగ్గురితో కూడిన బృందాన్ని డెన్మార్క్ పంపింది. ఈ విద్య తెలిసిన ఆఫీసు మెట్రో వెళ్లే దూరంలో దొరకలేదని సంస్థ వివరించింది.

నాయకుడు వైస్ ప్రెసిడెంట్ శివశంకర్. సర్వీసులో చేరాక ఆయన పగటి వెలుతురులో తన ఇల్లు చూసుకోలేదు కనుక ఆయనే అర్హుడని తేలింది. రెండో సభ్యుడు కడప కుర్రాడు దినేష్. మూడో సభ్యురాలు యశస్విని. ఆమె కూతురు కొత్తగూడలో పుణ్యవతి నడిపే డేకేర్‌లో ఉంటుంది. ప్రయాణానికి ముందు పుణ్యవతి తేల్చి చెప్పింది: "వచ్చే నెల నుంచి ఆరు దాటితే నాతోని గాదమ్మా. నాగ్గూడ ఇల్లుంది."

ఆరు కొట్టేలోపు ఆఫీసు వదిలే పద్ధతి రాకపోతే యశస్విని ఉద్యోగమే వదలాలి. బృందంలో యాత్రను నమ్మింది ఆమె ఒక్కతే.

కోపెన్‌హాగెన్‌లో ఉదయం, ఆతిథ్యమిచ్చిన మేనేజర్ హెన్రిక్‌కు శివశంకర్ శాలువా కప్పారు. "మా సంస్కృతిలో కాలమే దైవం" అని మొదలుపెట్టి భోజనాల వేళ దాటేవరకు మాట్లాడారు.

నాలుగు గంటలకు హెన్రిక్ లేచాడు. కొడుకును బడి నుంచి తీసుకురావాలని చెప్పి వెళ్లిపోయాడు. వెనకే ఆఫీసంతా వెళ్లింది. అధ్యయనం చేయాల్సిన విషయం అంతే. అది పూర్తయింది.

బృందం కదల్లేదు. పై అధికారి లేవకముందు లేవకూడదన్నది మన దగ్గర ఎక్కడా రాయని, ఎవరూ తప్పని నియమం. శివశంకర్ లేవలేదని ఇద్దరూ లేవలేదు. మాదాపూర్‌లో సంస్థ అధిపతి పెద్దసారు ఇంకా పనిలోనే ఉన్నట్టు ఆఫీసు చాట్‌లో ఆయన పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోందని శివశంకర్ లేవలేదు.

మనుషులు కదలకపోతే ఆ ఆఫీసులో దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. ఆరాయి. శివశంకర్ ఆదేశంపై దినేష్ నిలబడి చేతులు ఊపాడు. వెలిగాయి. మళ్లీ ఆరాయి. వంతులు వేసుకున్నారు.

"జబ్బలు పడిపోతాండాయి అక్కా. సార్ ల్యాచ్చాడా, ఈడ్నే పండుకుంటాడా?" అని దినేష్ యశస్విని చెవిలో అడిగాడు.

"జర ఆగు. పెద్దసారు ఇంటికి పోవాలె. అది జూసి ఈయన లేవాలె. ఇగ ఆ తర్వాత మనం."

"ఇంత దూరమొచ్చి నేర్సుకున్యది ఏందక్కా?"

"చేతులూపుడు."

కిటికీలోంచి ఇది చూసిన కాపలాదారు, లోపల ఎవరో చిక్కుకుని సాయం కోరుతున్నారని హెన్రిక్‌కు ఫోన్ చేశాడు. హెన్రిక్ కొడుకును వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు. తలుపు తాళం పడిందా అని అడిగాడు. లేదన్నారు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగుందన్నారు. మరి ఎందుకున్నారని అడిగాడు. అంకితభావం అన్నారు శివశంకర్.

హోటల్‌కు తిరిగి వస్తుంటే యశస్విని అడిగింది: "సార్, మనం చూడాల్సింది నాలుగింటికే చూసినం. ఆఫీసుల చెప్తరు గద?"

"నేను కళ్లారా చూసింది చెప్తానమ్మా."

చెప్పారు. మాదాపూర్‌లో ఉద్యోగులందరినీ సమావేశపరిచి ఇలా ప్రసంగించారు: "డెన్మార్క్‌లో పొద్దుపోయాక ఒక అధికారి ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు. ఒంటరిగా కాదు, కన్నబిడ్డతో. పని వేరు, కుటుంబం వేరు కాదని ఆ జాతి ప్రపంచానికి చాటుతోంది. మనం వెనకబడ్డాం." పెద్దసారు చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

నెల తిరక్కుండా ఐదో అంతస్తులో పిల్లల గది తెరిచారు. పరుపులు వేశారు. రాత్రి భోజనం పెడుతున్నారు. ఆరు గంటలకు ఇంటికి వెళ్లడానికి ఉద్యోగులకు ఇక కారణమేదీ మిగల్లేదని సంస్థ ప్రకటించింది. యశస్విని ఉద్యోగం నిలిచింది. కూతురు ఐదో అంతస్తులో నిద్రపోతుంది, తల్లి మూడో అంతస్తులో పనిచేస్తుంది.

సంస్కరణ పేరు ఐటీ కారిడార్ అంతా పాకింది. బయటి పిల్లలనూ తీసుకుంటున్నారు కానీ గదిలో చోటు తక్కువ కనుక, సిఫారసు కోసం మణికొండ అపార్ట్‌మెంట్ల తల్లిదండ్రులు యశస్విని దగ్గరకు వస్తున్నారు. మొన్న ఒక తండ్రి తన కొడుకు అర్హతలు చెప్పుకున్నాడు.

"మా బాబు అస్సలు ఏడ్వడు మేడమ్. మేమెప్పుడొస్తమని అడుగుడు గూడ బంద్ జేసిండు."

ఆ పిల్లవాడికి చోటు దొరికింది.