మూకీ సినిమాకి మైకు

ఆ శనివారం పొద్దున మా ఊరి మీద మబ్బేసింది. పడమటి నుంచి నల్లగా వచ్చి, గోధుమ గోదాముల నెత్తిన కాసేపు నిలబడి, ఏదో మర్చిపోయినట్టు అటూ ఇటూ చూసింది. మేమంతా గుమ్మాల్లోకి వచ్చి దాన్ని చూశాం. ఒక్కరూ నోరు విప్పలేదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఈ ఎండు నేల మీద మబ్బుని పలకరిస్తే అది మొహమాటపడి వెళ్లిపోతుందని మా భయం.

అదే మా జబ్బు! మాట్లాడకపోవడం!

ఇవాళ నేను ఖరాఖండిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. మూకీ సినిమాల్లో పెద్ద లోపం ఉంది. అందులో మాటల్లేవు! వందేళ్లుగా ఈ సంగతి మాలో ఒక్కరికైనా తట్టిందా? లేదు. జాస్పర్ వచ్చి చెప్పేదాకా నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నాం.

జాస్పర్ పోయినేడు అడిలైడ్ నుంచి వచ్చి మూతబడిన బ్యాంకు భవనంలో కాపురం పెట్టాడు. మంచివాడు. సినిమా అంటే ప్రాణం. ఫోన్లో ఒకటి, లాప్‌టాప్‌లో ఒకటి, రెండు సినిమాలు ఒకేసారి చూస్తాడు. రెండూ ఒకటిన్నర రెట్ల వేగంతో! చూసిన ప్రతిదానికీ నక్షత్రాలు ఇస్తాడు. ఒకసారి నా గొర్రెలు రోడ్డు దాటుతుంటే కారాపుకుని చూసి, మూడున్నర ఇచ్చాడు. "ముగింపు ముందే తెలిసిపోయింది" అన్నాడు.

అతను రాకముందు మేం ఎంత అనాగరికంగా సినిమా చూసేవాళ్లమో చెప్తాను, సిగ్గుగానే ఉంది.

మా హాలు ఒక రేకుల షెడ్డు. రేకులకీ మా నెత్తికీ మధ్య అడ్డం ఏమీ లేదు. కాన్వాసు గుడ్డ కుర్చీలు. వాటిలో కూర్చోవడం తేలికే, లేవాలంటే మాత్రం పక్కవాడు చెయ్యి ఇవ్వాలి. మాటల సినిమాలు వినిపించే యంత్రం ఎప్పుడో పాడైంది. దాన్ని బాగుచేయించాలని కమిటీ ప్రతి ఏడూ తీర్మానిస్తుంది. అందాకా నెలకో మూకీ. పక్కన పియానో మీద థెల్మా. ఆమెకి వచ్చినవి మూడు పాటలు. ఒకటి పెళ్లిది, ఒకటి చర్చిలోది, ఒకటి గుర్రప్పందేలది. ప్రేమ, చావు, తరుముకోవడం. సినిమాకి ఇంతకన్నా ఏం కావాలని మేం అనుకునేవాళ్లం. ఎంత అజ్ఞానం!

మా వెనకబాటుతనానికి ఒక ఉదాహరణ చాలు. ట్రెజోనా అన్నదమ్ములు.

పెద్దవాడు క్లెమ్, చిన్నవాడు ఐవన్. ఇద్దరి పొలాలకీ మధ్య ఒక్క కంచె. ఇద్దరికీ మాటల్లేవు. కారణం చిన్నదేమీ కాదు. చాలా ఏళ్ల కిందట ఒక రాత్రి వాన పడింది. తెల్లారి చూస్తే క్లెమ్ వాన కొలిచే గొట్టంలో పధ్నాలుగు మిల్లీమీటర్లు. ఐవన్ గొట్టంలో తొమ్మిది. ఒకే కంచెకి అటూ ఇటూ! "నీ గొట్టం చూరు కింద పెట్టావు" అన్నాడు తమ్ముడు. "నీ గొట్టంలో నీ కుక్క నీళ్లు తాగింది" అన్నాడు అన్న. అంతే. మా వైపు మనిషిని గొర్రెల దొంగ అనండి, నవ్వి ఊరుకుంటాడు. వాన లెక్కలో అబద్ధమాడాడని మాత్రం అనకండి.

ఆ రోజు నుంచి ఏదైనా చెప్పాల్సి వస్తే ఇద్దరూ కుక్కకి చెప్పేవాళ్లు. "ఒసే, అవతలి పెద్దమనిషి గొర్రె నా బార్లీలో పడిందని వెళ్లి చెప్పవే!" కుక్క కదిలేది కాదు. అవతలి పెద్దమనిషి వచ్చి గొర్రెని తోలుకుపోయేవాడు.

అలాంటివాళ్లు నెలకోసారి హాల్లో, మూడో వరసలో, పక్కపక్కన కూర్చునేవాళ్లు! ఇద్దరి మధ్య నేల మీద ఒక సీసా. క్లెమ్ స్వయంగా వెనిగర్లో ఊరబెట్టిన చిన్న ఉల్లిపాయలు. థెల్మా చర్చి పాట అందుకోగానే చీకట్లో ఐవన్ చెయ్యి ఆ సీసాలోకి వెళ్లేది. క్లెమ్ తెర మీంచి కళ్లు తిప్పకుండా కాలితో సీసాని కాస్త అటు జరిపేవాడు. సినిమా అయ్యాక ఒకడు లేచి రెండోవాడికి చెయ్యి ఇచ్చేవాడు. మొహాలు మాత్రం చెరో దిక్కు. మూకీ సినిమా దగ్గర ఇద్దరు మాట్లాడుకోకపోతే దాన్ని ఎవరూ తగువు అనరు కదా!

చూశారా ఘోరం? భావాలు పంచుకోవాల్సిన అన్నదమ్ములు ఉల్లిపాయలు పంచుకుంటున్నారు!

జాస్పర్ ఇదంతా చక్కదిద్దడానికి పూనుకున్నాడు. కమిటీ ఒప్పుకుంది. కాదనాలంటే మాట్లాడాలి మరి.

మొదట వేగం పెంచాడు. పాత సినిమాల్లో మనుషులు అసలే గబగబా నడుస్తారు. దానికి ఒకటిన్నర రెట్లు కలిపితే ఎంత సమయం ఆదా! రైలు స్టేషన్‌కి రాకముందే వెళ్లిపోయింది. ముసలాయన మంచం పట్టడం, పోవడం, పెట్టెలో ఊరేగడం మేం టోపీలు తీసేలోపే అయిపోయాయి.

"థెల్మా, నువ్వూ కాస్త స్పీడు పెంచవా?" అన్నాడు జాస్పర్.

"పెళ్లికూతురు గుమ్మం దాటేలోపే పిల్లలు బడికెళ్తున్నారు. ఏ పాట వాయించమంటావు నాయనా, ముందు అది చెప్పు" అంది థెల్మా.

తర్వాత అక్షరాలు తెచ్చాడు. అతని లాప్‌టాప్‌కి హాల్లో ఏ చప్పుడు వినిపించినా దాని పేరు తెర అడుగున రాసేస్తుంది. థెల్మా వాయిస్తే "ఉల్లాసమైన సంగీతం". ఆపితే "నిశ్శబ్దం". ఇన్నేళ్లుగా మేం వింటున్నది ఏమిటో ఆ రోజు తెలిసింది! నేనొకసారి కునుకు తీసి లేచేసరికి తెర మీద "దూరంగా ట్రాక్టరు" అని ఉంది. హీరో నడి సముద్రంలో ఉన్నాడు.

అంతటితో ఆగాడా? మైకు తెచ్చాడు! సినిమా నడుస్తుండగానే, ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో, ఏడవడానికి ముందు దీపం ఎటు పెట్టారో అన్నీ విడమరిచాడు. కథానాయిక కళ్లలో నీళ్లు తిరిగితే "ఇప్పుడు నీళ్లు తిరుగుతాయి, చూడండి" అని ముందే చెప్పేవాడు. మనం సొంతంగా చూసి, సొంతంగా బాధపడే శ్రమ తప్పింది.

ఆ శనివారం నాటికి మిగిలింది ఒక్కటే. చర్చ!

మేం వెళ్లేసరికి కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. ఒకరి మొహం ఒకరికి కనబడాలట. ఎవరి కుర్చీకి వాళ్ల పేరు రాసిన చీటీ. క్లెమ్ కుర్చీ ఈ చివర, ఐవన్ కుర్చీ ఆ చివర. క్లెమ్ సీసాతో కాసేపు నిలబడ్డాడు. దాన్ని పెట్టడానికి చోటు కనబడక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మూత తియ్యలేదు.

సినిమా చిన్నదే. ఒకడు పూలగుత్తి పట్టుకుని కంచె దగ్గర ఒకమ్మాయి కోసం ఎదురుచూస్తుంటాడు. మేక వచ్చి పూలు తినేస్తుంది. మళ్లీ తెస్తాడు. మళ్లీ తింటుంది. అమ్మాయి వచ్చేసరికి మేకతో స్నేహం కుదిరిపోయి ఉంటుంది. పది నిమిషాల్లో తేలిపోయింది. చర్చకి బోలెడు సమయం!

మైకు మొదట నా చేతికే వచ్చింది.

"ఈ సినిమా నీలో ఏం కదిలించింది?" అన్నాడు జాస్పర్.

"బాగానే ఉంది" అన్నాను. మా వైపు ఇంతకు మించిన పొగడ్త లేదు. మా నాన్న తన పెళ్లినాడు అన్నది అదే, తర్వాత మళ్లీ అనలేదు.

"బాగానే అంటే? ఇంకాస్త లోతుకి వెళ్లు."

"ఇక్కడ లోతుకి వెళ్తే ఉప్పునీళ్లు పడతాయి" అని మైకు పక్కకిచ్చేశాను.

అది తిరిగి తిరిగి క్లెమ్ దగ్గరికి చేరింది.

"క్లెమ్! ఆ మేక పూలు తినేసినప్పుడు నీకేమనిపించింది?"

క్లెమ్ మైకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తెర మీద "నిశ్శబ్దం" అని రెండుసార్లు వచ్చింది.

"మేకదేం తప్పు లేదు. కంచె దగ్గర పూలు పట్టుకుని నిలబడ్డవాడిది తప్పు."

"కంచె! అద్భుతం! ఆ కంచె దేనికి గుర్తంటావు?"

అవతల ఐవన్ ముక్కులోంచి ఏదో చప్పుడు చేశాడు.

"ఐవన్, ఏదో అనబోయావు?"

"నేనేం అనలేదు."

కానీ తెర మీద "వెటకారపు నవ్వు" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇదివరకైతే ఇలాంటివి గాలికి పోయేవి!

ఐవన్ అటు చూసి చెవులదాకా ఎర్రబడ్డాడు. "కంచె సంగతి ఆయన్నడుగుతావేం, జాస్పర్? అవతల పడ్డ వాన కూడా తన గొట్టంలోనే పడిందనే మనిషి!"

"పధ్నాలుగంటే పధ్నాలుగే. ఆయనతో చెప్పు" అన్నాడు క్లెమ్.

"తొమ్మిది!"

"పధ్నాలుగు!"

"భలే! ఇద్దరూ మనసు విప్పుతున్నారు" అన్నాడు జాస్పర్, కళ్లు మెరుస్తుండగా. "ఈ అంకెలు నక్షత్రాలేనా? మొత్తం ఎన్నింటికి?"

గొంతులు లేచాయి. తెర మీద "గొర్రెల అరుపులు" అని పడింది. చూరు, కుక్క, అరువు తీసుకెళ్లి మొండిచేసి ఇచ్చిన గొడ్డలి, అన్నీ బయటికొచ్చాయి. ఇన్నేళ్లలో పాపం ఆ కుక్కకి కూడా చెప్పుకోనివి!

చివరికి ఐవన్ అన్నాడు: "అమ్మని పూడ్చిపెట్టిన రోజు వాన పడింది. అందరం గోతి దగ్గరే ఉన్నాం. నువ్వు మాత్రం గొట్టం చూసుకోవడానికి ఇంటికి పోయావురా!"

క్లెమ్ పక్కవాడి భుజం పట్టుకుని లేచాడు. సీసా చంకలో పెట్టుకున్నాడు.

"గొట్టం చూడ్డానికి కాదు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. తర్వాత పియానో వైపు తిరిగాడు. "థెల్మా, వచ్చే నెల నుంచి నా కుర్చీ ఇంకెవరికైనా వెయ్యి."

"నిశ్శబ్దం" అంది తెర.

గమనించారా పాఠకులారా? ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చుని సాధించలేనిది ఒక్క చర్చతో సాధించారు! ఎవరి దారి వాళ్లదని తేలిపోయింది. మనసు విప్పడం వల్ల ఎంత మేలో ఇంకా ఎవరైనా అనుమానిస్తారా?

క్లెమ్ తలుపు మీద చెయ్యి వేశాడు. అప్పుడు రేకు మీద టప్పుమని ఒక చుక్క పడింది.

ఆ వెంటనే ఇంకొకటి. తర్వాత లెక్కపెట్టడానికి లేకుండా పోయింది. పొద్దున అటూ ఇటూ చూసిన మబ్బు మర్చిపోయినదేదో గుర్తొచ్చి తిరిగొచ్చింది! రేకుల మీద కంకర లారీ కుమ్మరించినట్టుంది. అందరి మొహాలూ పైకి లేచాయి.

జాస్పర్ మైకు పట్టుకుని ఏదో అన్నాడు. వినబడలేదు. అరిచాడు. పెదాలు కదిలాయి, అంతే. చేతులు ఊపాడు, రేకుల వైపు చూపించాడు, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు, కనుబొమలు నుదుటి మీదికి పంపాడు, వైరు కాలికి తట్టుకుని తూలి నిలదొక్కుకున్నాడు. అంత గొప్ప మూకీ నటన మా హాల్లో ఎన్నడూ చూడలేదు. థెల్మా గుర్రప్పందేల పాట అందుకున్నట్టే ఉంది, వేళ్లు కదిలాయి. మేం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వూ ఎవరికీ వినబడలేదు. తెర మీద మాత్రం ఆగకుండా "చప్పట్లు, చప్పట్లు, చప్పట్లు" అని పడుతోంది. రేకుల మీది వానకి లాప్‌టాప్ పెట్టిన పేరు అది.

మా వైపు వాన పడితే ప్రతివాడూ తన గొట్టం దగ్గరికి పరుగెత్తాలి. క్లెమ్ తలుపు దగ్గరే ఉన్నాడు. తియ్యలేదు. అవతల ఐవన్ లేవబోయాడు. కుర్చీ వదల్లేదు. మళ్లీ ప్రయత్నించి గుడ్డలో వెనక్కి పడ్డాడు. అందరి తలలూ పైకే ఉన్నాయి, అతన్ని ఎవరూ చూడలేదు. క్లెమ్ చూశాడు. వెనక్కి నడిచి వచ్చి చెయ్యి చాపాడు. ఐవన్ ఆ చెయ్యి వైపు చూసి, పట్టుకుని, లేచాడు.

సరిగ్గా ఆ గుండ్రం నడిమధ్య కప్పు కారడం మొదలైంది. క్లెమ్ సీసా మూత తీసి, ఉల్లిపాయలన్నీ ఒక పళ్లెంలో ఒంపి, ఖాళీ సీసా ధార కింద పెట్టాడు. ఐవన్ వంగి దాన్ని బొటనవేలంత జరిపాడు. సరిగ్గా కుదిరింది. ఇద్దరూ ఒకే సీసాలోకి చూస్తూ నిలబడ్డారు.

కనుక కమిటీకి నా మనవి. రేకుల కింద వెంటనే గట్టి అడ్డం వేయించండి. కారే చోటు మూయించండి. లేకపోతే వాన పడ్డప్పుడల్లా ఈ ఊరి జనం చర్చించుకునే భాగ్యం పోగొట్టుకుంటారు. ఆ సాయంత్రానికి జాస్పర్ ఐదు నక్షత్రాలు ఇచ్చాడని తర్వాత తెలిసింది. ఎందుకిచ్చావని అడిగాను. మొదటిసారి విడమరిచి చెప్పకుండా ఆకాశం వైపు వేలు చూపించాడు. అందుకే ఈ మనవి అంత తొందరగా పట్టించుకోనక్కర్లేదు.

ఆ వానలో ఇళ్లకి వెళ్లే దారి లేదు. ఇళ్ల నుంచి తెచ్చిన గిన్నెల మీది గుడ్డలు తీశాం. కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు, చల్లారిన మటన్, గుమ్మడికాయ స్కోన్‌లు అనే చిన్న రొట్టెలు. ఎవరు గిన్నెలు తిప్పినా, ఎవరు పళ్లెం పట్టినా, అన్నీ సైగలే. జాస్పర్ మైకు నేల మీద పెట్టి రెండు చేతులతో స్కోన్ అందుకున్నాడు. అన్నదమ్ములు పక్కపక్కన కూర్చున్నారు. మధ్యలో ఉల్లిపాయల పళ్లెం. ఐవన్ ఒకటి తీసుకున్నాడు. క్లెమ్ సీసా మీంచి కళ్లు తిప్పకుండా పళ్లెం కాస్త అటు జరిపాడు. అందరం తిన్నాం.