బొట్టు పెట్టిన ట్రాక్‌బాల్

ఆ సోమవారం పొద్దున ప్రశాంత్ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. స్నానం చేయాలి, కొత్త ట్రాక్‌బాల్‌ను కంప్యూటర్‌కు తగిలించాలి, పదకొండింటికి క్లయింటుకు డెమో చూపించాలి, ఉద్యోగం నిలబెట్టుకోవాలి. చివరిదే కాస్త కష్టం. మేనేజర్‌తో కలిపి నలుగురున్న టీములో ఒకరిని తీసేస్తారనీ, ఆ పేరు డెమో అయ్యాక చెబుతారనీ ఆఫీసులో పుకారు. మౌస్ పట్టీ పట్టీ ప్రశాంత్ కుడి మణికట్టు వాచింది, నెలరోజులుగా పని నత్తనడక నడుస్తోంది. ఆ పేరు ఎవరిదో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే ట్రాక్‌బాల్. మౌస్‌లా దీన్ని అటూఇటూ జరపనక్కర్లేదు. ఉన్నచోటే ఉంటుంది, పైనున్న బంతిని దొర్లిస్తే తెరమీద బాణం కదులుతుంది. బొటనవేలితో తిప్పేది మంచిదా, మూడు వేళ్ళతో తిప్పేది మంచిదా, తన కంప్యూటర్ నడిచే లైనక్స్‌లో దాని బటన్లన్నీ పనిచేస్తాయా అని తిండి మానేసి మరీ చదివాడు.

"నన్ను చూసేదానికి వచ్చినప్పుడు ఉప్మా తినేలోగా సరే అంటివి. దీనికింత ఆలోచనా?" అంది భార్య సౌజన్య. తన ఆఫీసు మౌస్ పాడైందని ఆమె ఇంట్లో ఉన్న పాత మౌస్‌ను బ్యాగులో వేసుకుని, నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఆఫీసువాళ్ళు ఇంటికి పంపిన డెస్క్‌టాప్‌కు ఇక ఈ బంతే దిక్కు.

ప్రశాంత్ స్నానాల గదిలో ఉండగా, ప్రొద్దుటూరు నుంచి కూతురింటికి వచ్చిన అత్తగారు గంగమ్మ టేబుల్ మీద కొత్త వస్తువును చూసింది. మిక్సీ అయినా, మోటారు బండి అయినా బొట్టు పెట్టనిదే ముట్టుకోని వంశం ఆమెది. బంతికి పసుపు రాసి, దండిగా కుంకుమ పెట్టి, అగరొత్తులు తిప్పి దండం పెట్టుకుంది.

"ఏందత్తా ఇది?" అన్నాడు ప్రశాంత్ తల తుడుచుకుంటూ వచ్చి.

"కొత్త సామాను గదా నాయనా, బొట్టు లేకుండా ఎట్ల వాడేది? నీ ఉద్యోగం సల్లగుండాలని మొక్కినా."

ప్రశాంత్ తువ్వాలుతో బంతిని తుడిచాడు. పైకి నిగనిగలాడింది. కుంకుమ మాత్రం బంతి కింద గుంటలోకి జారి, కదలికను కనిపెట్టే కన్ను మీద పేరుకుంది. ఆ సంగతి మనకు తెలుసు, అతనికి తెలియదు.

బంతిని కుడికి తిప్పాడు. బాణం కదల్లేదు. కాసేపాగి ఒక్క గెంతు గెంతి పైమూలకు పోయింది. ఇంకొకడైతే బంతి తీసి చూసేవాడు. ప్రశాంత్ చదువుకున్న రోజుల నుంచీ లైనక్స్ మనిషి, లోపం ఎప్పుడూ సెట్టింగుల్లోనే ఉంటుందని అతని మతం. నల్లటి తెర తెరిచి కమాండ్లు కొట్టడం మొదలుపెట్టాడు. వేగం తగ్గిస్తే బాణం మొండికేసింది. పెంచితే తాడు తెంచుకున్న దూడలా పరుగెత్తింది. బటన్లు మార్చి చూశాడు, ఎడమది నొక్కితే కుడిదాని పని జరగసాగింది. డెమోకు ఇంకా అరగంట కూడా లేదు. ఏసీ కింద కూర్చున్నా చొక్కా తడిసిపోయింది.

ఈ ట్రాక్‌బాల్ కొనమని సలహా ఇచ్చినవాడు టీములోని కిరణ్. అతనికి నాలుగు చివాట్లు పెడదామని ప్రశాంత్ చాట్‌లో కిరణ్ పేరు మీద నొక్కాడు. నొక్కే క్షణానికి బాణం ఒక గెంతు గెంతి పైనున్న టీమ్ గ్రూపు మీద పడింది. ప్రశాంత్ తెర చూడలేదు. తలొంచుకుని కసిగా టైపు చేశాడు: "ఇప్పటిదాకా ఓర్చుకున్నా. ఇంక నా వల్ల కాదు. ఈ దరిద్రాన్ని ఇవాళే వదిలించుకుంటా."

ఎంటర్ కొట్టి తలెత్తాడు. మాట వెళ్ళింది కిరణ్‌కు కాదు, టీమ్ గ్రూపుకు. ఆ గ్రూపులో మేనేజర్ రంగనాథ్ ఉన్నాడు, డైరెక్టర్ శ్యామ్ ఉన్నాడు.

తీసేయాలని గబగబా బంతి తిప్పాడు. 'తొలగించు' అన్నచోట ఆగాల్సిన బాణం దాని కిందున్న 'పిన్ చెయ్యి' మీదకు జారింది. సందేశం అందరికీ కనిపించేలా గ్రూపు నెత్తిన మేకు కొట్టినట్టు కూర్చుంది. అంతలో రంగనాథ్ నుంచి ఫోన్.

"ఏమండీ ప్రశాంత్ గారూ, ఇంత మాట అనేశారేంటండీ?"

"అయ్యో, అది ట్రాక్‌బాల్ గురించి సార్!"

"బంతి మీద అలిగి ఎవరన్నా అలా రాస్తారా? దాచకండి. మీ బాధ నాకు తెలుసండీ. ఒక పేరు చెప్పమని పైవాళ్ళు నా పీక మీద కూర్చున్నారు. మీరు ధైర్యం చేశారు, నేనే చేయలేకపోయాను."

"సార్, నేను రాజీనామా చెయ్యలేదు సార్! నా మాట కొంచెం వినండి!"

రంగనాథ్ వినే స్థితిలో లేడు. ఫోన్ పెట్టేశాడు. ఈ లోపల తెర మీద వరుసగా సందేశాలు దిగుతున్నాయి.

"అన్న దమ్ము చూపిండు. ఇగ నాతోని గూడ కాదు. నేను గూడ పోతున్న," అని కిరణ్.

"కత్తి ఎవరి మెడ మీద పడ్తదో అని రోజూ పరేషాన్ అవుడు నాతోని గాదు. రాజీనామా పంపిన," అని టీములో నాలుగో మనిషి రోహిణి.

చివర్న రంగనాథ్: "నా పిల్లల్లాంటి వాళ్ళే పోయాక నేనెందుకండీ? సెలవు."

ప్రశాంత్‌కు ఏడుపొచ్చింది. కోపమంతా ట్రాక్‌బాల్ మీద చూపించి దాన్ని టేబులుకేసి కొట్టాడు. బంతి ఊడి మంచం కిందకు దొర్లింది, గుంటలోంచి ఎర్రగా కుంకుమ రాలింది. లోపం సెట్టింగుల్లో లేదని అప్పుడు తెలిసింది. తర్వాత మంచం కింద దూరి బంతి తెచ్చి, చొక్కా అంచుతో ఆ కన్ను తుడిచి, బంతి పెట్టి తిప్పాడు. బాణం వెన్న మీద కత్తిలా నడిచింది. బటన్లు సరిచేసి, మొట్టమొదట తన సందేశాన్ని తొలగించాడు.

హమ్మయ్య అనుకున్నాక గానీ చేసిన పని అర్థం కాలేదు. ఇప్పుడు గ్రూపులో అతని మాట లేదు. ముగ్గురి రాజీనామాలు మాత్రం ఉన్నాయి.

వెంటనే కిరణ్ ఫోన్. "ఏంది బ్రో గిది? మమ్మల్ని బాయిల దూకిచ్చి నువ్వు ఒడ్డున నిలబడ్డవా?"

"ఒట్టు కిరణ్, అది నువ్వు కొనమన్న ట్రాక్‌బాల్‌ను తిట్టినా! కుంకుమ పడింది దాంట్లో!"

"కుంకుమనా? జర మంచి అబద్ధం చెప్పరాదు!"

వీడియో కాల్‌లో డెమో మొదలైంది. నలుగురు మాట్లాడాల్సినచోట ప్రశాంత్ ఒక్కడే మాట్లాడాడు. ముగ్గురి ఉసురు పోసుకున్నానన్న దిగులున్నా, బంతి చెప్పినమాట విన్నది. క్లయింటు సంతోషంగా సెలవు తీసుకున్నాడు. డైరెక్టర్ శ్యామ్ మాత్రం కాల్ వదల్లేదు.

"ప్రశాంత్, ఒక్క నిమిషం. ముగ్గురి రాజీనామాలూ ఆమోదించాం."

"సార్, తప్పు నాది సార్. వాళ్ళను వెనక్కి పిలవండి."

"ఆమోదించేముందే పిలిచాను. రోజూ ఆ భయంతో పనిచేయలేం, రామన్నారు ముగ్గురూ. రంగనాథ్ అయితే చాలా రోజుల తర్వాత హాయిగా ఉందన్నాడు." శ్యామ్ కాస్త తటపటాయించాడు. "దాచడమెందుకు, ఇవాళ మేము చెప్పాలనుకున్న పేరు మీదే. ఇప్పుడు ఆ అవసరం లేదు. టీమంతా మీరే."

ఉద్యోగం నిలబడింది. సాయంత్రానికి ముగ్గురి పనితోపాటు వాళ్ళ మూడు కంప్యూటర్లూ, మూడు మౌసులూ ఆటోలో వచ్చాయి, గంగమ్మ కుంకుమ భరిణ తీసుకుని గుమ్మంలోకి ఎదురెళ్ళింది.