జంట తుమ్ముల కొవ్వొత్తి

అమీర్‌పేట, పంజాగుట్ట వాసులకు తెలియజేయడమేమనగా, మన బస్తీలలో మంచి వాసన అంటే ఏమిటో ఇకపై ఎవరికి వారు తేల్చుకోవలసిన శ్రమ లేదు. సుగంధ దీప పరీక్షా సంఘంవారు దయతో ఆ భారాన్ని తమ ముక్కు మీద వేసుకున్నారు.

లడాయి మూలంగా దీపాలకు గ్యాసునూనె దొరకని రోజులివి. ఇంటింటా కొవ్వొత్తులే. మైనానికీ కటకట వచ్చేసరికి, ఇళ్లలో కొవ్వొత్తులు పోసేవాళ్లు ముందు ఈ సంఘం పరీక్షలో నెగ్గాలనీ, నెగ్గినవారికే మైనం ఇస్తామనీ చాటింపు వేశారు. అధ్యక్షులు ధర్మయ్యగారు, బట్టల వ్యాపారి. ముప్పై ఏళ్లుగా నశ్యం పీలుస్తున్నారు కనుక ముక్కు వ్యవహారాల్లో ఆయనను మించిన అనుభవశాలి లేడని అందరూ ఒప్పుకున్నారు. కార్యదర్శి దర్జీ శివరాములు. అధ్యక్షులవారికి ఏ వాసన వస్తే ఆయనకూ అదే వాసన వస్తుంది. ఇంతటి ఐకమత్యం ఈ రోజుల్లో ఎక్కడుంది చెప్పండి?

నేను పంజాగుట్టలో అర్జీలు రాసుకునే మనిషిని. అమీర్‌పేట వజ్రమ్మ అర్జీ నేనే రాశాను. ఆమె పెనిమిటి సాయిలు రాళ్లు కొట్టే పనిలో కాలు విరిగి మంచాన పడ్డాడు. వజ్రమ్మ వెదురు గొట్టాల్లో పోసే కొవ్వొత్తులతోనే ఆ ఇంటి పొయ్యి వెలుగుతోంది. మైనం రాకపోతే పొయ్యి లేదు, అంతే సంగతి. పిచ్చి మనిషి, ఆరు నెలలు కూర్చుని నూనెలు పరీక్షించింది. మల్లె అత్తరు సీసాలో ఘుమఘుమలాడుతుంది గాని మంట తగిలితే మాడు కంపట. సలసల కాగే మైనంలో పోస్తే గులాబీ వాసన ఎగిరిపోతుందట. చివరికి మైనం అంచులు తెల్లబడే వేళ చూసి వట్టివేళ్ల నూనె కలిపితే, వెలిగించాక గదంతా చల్లబడినట్లు ఉంటుందని కనిపెట్టింది. ప్రతి ఒక్కటీ వెలిగించి చూసి తెలుసుకుంది. అక్కడే తప్పు చేసింది.

ఎందుకంటే సంఘం నిబంధనల ప్రకారం పరీక్షలో కొవ్వొత్తి వెలిగించరాదు. యుద్ధకాలంలో దుబారా పనికిరాదు. ఊరికే వాసన చూడవలసినదే. ఒకదాని వాసన మరొకదానితో కలవకుండా నడుమ నడుమ ముక్కు శుభ్రపడటానికి చిటికెడు నశ్యం. పరీక్ష రోజున కొత్త డబ్బీ విప్పారు. నాలుగో కొవ్వొత్తి దాటేసరికి వాసనల సంగతి ఎవరికీ అంతు చిక్కలేదు గాని, తుమ్ములు మాత్రం స్పష్టంగా వినిపించాయి. కాబట్టి సంఘంవారు తుమ్మునే ప్రమాణంగా స్వీకరించారు. జంట తుమ్ములు శుభం, ప్యాసు. ఒంటి తుమ్ము అపశకునం, ఫేలు. పెద్దలనాటి ఆచారం, కాదనేదెవరు?

వజ్రమ్మది పదకొండోది. ధర్మయ్యగారు వాసన చూసి ఒకసారి తుమ్మారు. రెండో తుమ్ము కోసం అందరూ ఊపిరి బిగబట్టారు. ఆయన కళ్లు మూశారు, నోరు తెరిచారు, ముక్కుపుటాలు ఎగరేశారు. వజ్రమ్మ బల్కంపేట ఎల్లమ్మకు మొక్కుకుంది. తుమ్ము రాలేదు. అపశకునం కనుక అందరూ కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, ఫేలని రాసుకున్నారు.

"అయ్యా, జర ముట్టిచ్చి చూడుండ్రి. ముట్టియ్యకుంటె దాని గుణం ఎట్ల తెలుస్తది?" అంది వజ్రమ్మ.

"ఖానూన్ ఖానూనే వజ్రమ్మా. లడాయి నడుస్తున్నది. నీ ఒక్కదాని కోసం మొంబత్తి కాలవెడితె లోకం ఏమంటది?" అని ధర్మయ్యగారు చుట్ట నోట పెట్టుకున్నారు. శివరాములు అగ్గిపుల్ల గీసి అందించాడు.

వజ్రమ్మ నా అరుగు మీద కూర్చుని ఏడ్చింది. మళ్లీ పరీక్ష చేయించమని అర్జీ రాసి పెట్టాను. నెల తర్వాత ఒప్పుకున్నారు. అప్పటికి ఆమె ఇంట్లో మిగిలిన మైనం ఒక్క కొవ్వొత్తికే సరిపోతుంది. ఈసారి ఏ నూనె కలుపుతావని అడిగాను.

"నూనె ఎందుకన్నా? ఆయన ముక్కుకు ఏం గావాల్నో అదే కలుపుత" అంది.

ఎండుమిరపకాయలు మెత్తగా దంచి కలిపింది. పైన ఇంకాస్త రుద్దింది.

ధర్మయ్యగారు వాసన చూశారు. తుమ్మారు. మళ్లీ తుమ్మారు. ఆపలేదు. శివరాములు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. పదకొండో తుమ్ము దగ్గర ఆయన ఆగారు. బేసి సంఖ్య. వజ్రమ్మ ముఖం పాలిపోయింది. అంతలో పన్నెండోది వచ్చింది. ఆరు జతలు! సంఘ చరిత్రలో అటువంటి ఫలితం లేదు. "ముక్కుకు నేరుగా తగిలే శుభప్రదమైన సుగంధం, రంగు సైతం మంగళకరం" అని యోగ్యతాపత్రం రాసి, ముద్ర వేసి, ఆ వారమే మైనం ఇప్పించారు.

ఇప్పుడు ఈ రెండు బస్తీలలో ముద్ర ఉన్న కొవ్వొత్తి లేనిదే శుభకార్యం లేదు. మొన్న ఒక పెళ్లిలో పీటల మీద వధూవరులు జంటగా తుమ్ముతుంటే పెద్దలు కళ్లు తుడుచుకున్నారు. ఆనందబాష్పాలని చెప్పుకున్నారు.

నిన్న పొద్దున నేను కూడా కొవ్వొత్తి కొనడానికి వజ్రమ్మ ఇంటికి వెళ్లాను. మూలనున్న చీకటి గదిలో సాయిలు మంచం దగ్గర పాతరకం కొవ్వొత్తి వెలుగుతోంది. వట్టివేళ్లది. నిజం చెప్పొద్దూ, గడపలో అడుగు పెట్టగానే నా ప్రాణం లేచి వచ్చింది. ఇలాంటి వాసన నా జన్మలో చూడలేదని నోరారా పొగిడాను. వజ్రమ్మ మురిసిపోయింది. రెండు రకాలూ ముందు పెట్టి, ఏది కట్టమంటావన్నా అని అడిగింది.

"ఇంటికి చుట్టాలొస్తున్నరు. ముద్రున్నదే కట్టు" అన్నాను.

ఆమె వట్టివేళ్లది తీసి పక్కన పెట్టింది. ముద్రున్నది కట్టి ఇచ్చింది.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ మీ గూట్లో వెలుగుతున్నది వాసన నచ్చి తెచ్చుకున్నారో, ముద్ర చూసి తెచ్చుకున్నారో ఒక్కసారి చూసుకుని మరీ నవ్వండి. చూసేటప్పుడు తుమ్ము వస్తే కంగారుపడకండి, రెండోది కూడా వస్తుంది.