వేలిముద్ర పడని చేతులు

మనిషి చేతుల విలువ చేతుల్లో ఉండదు, ఫ్రేము కట్టించి గోడకు తగిలించిన కాగితంలో ఉంటుంది. ఈ సత్యం కనుక్కోవడానికి మానవజాతికి వేల ఏళ్లు పట్టింది. తాడేపల్లిగూడెంలోని మాతృదీపం నర్సింగ్ హోమ్‌కు మాత్రం ఒక్క మీటింగ్ సరిపోయింది. మర్నాడే గేటు పక్కన బోర్డు వెలిసింది: ‘సర్టిఫికెట్ లేని చేతులతో బాలింతలను, పసిబిడ్డలను తాకరాదు.’ (తండ్రుల చేతుల ప్రస్తావన లేదు. అవి ఎలాగూ బిల్లు కౌంటర్ దగ్గర పనిలో ఉంటాయి.)

ఆ బోర్డు తన గురించేనని నఫీసాకు మొదట తోచలేదు. ఇరవై ఆరేళ్లుగా ఆమె గూడెం, పెంటపాడు ఇళ్లలో బాలింతలకు ఒళ్లు రుద్ది, పసిపిల్లలకు నూనె పట్టి నీళ్లు పోస్తోంది. నేలమీద కాళ్లు బారజాపుకుని కూర్చుని, పిల్లను కాళ్లమీద బోర్లా పడుకోబెట్టుకుని వీపున చెయ్యి వేసిందంటే, ఏడ్చి ఇల్లెగరగొట్టిన పిల్ల కూడా ఆవులించేది. ఇప్పుడు ఆ పని నర్సింగ్ హోమ్ కాన్పు ప్యాకేజీలో కలిసిపోయింది. నెలకు పన్నెండు వేలు తెచ్చే మనిషి నాలుగు నెలల్లో మూడు వేలకు దిగింది.

పెంటపాడు అచ్చమ్మ కొడుకు ఉదయ్ కిరణ్ నఫీసా చేతుల్లో పడ్డ మొదటి బిడ్డ. అతని భార్య తేజస్వికి ఇప్పుడు ఏడో నెల.

“నా కొడుక్కి నువ్వే పోశావు, వాడి బిడ్డకీ నువ్వే పొయ్యాలే,” అంది అచ్చమ్మ. “కానీ లోపలికి రానివ్వరంట. ఆ కాగితమేదో తెచ్చుకోవే నఫీసా.”

“తెచ్చుకుంటానండీ అచ్చమ్మగారూ. ఆ బిడ్డను ఇంకొకళ్లకి ఇవ్వకండి.”

ఆ కాగితం ఏలూరులో, ఎరువుల కొట్టు మేడమీద ఉన్న అంతర్జాతీయ మర్దన విద్యా అకాడమీలో దొరుకుతుందని తెలిసి, కూతురు సుమయ్యను తోడు తీసుకుని వెళ్లింది. అక్కడ చరణ్‌తేజ అనే కౌన్సిలర్ కుర్చీ చూపించాడు.

“అనుభవం ఏమైనా ఉందాండీ?”

“ఇరవై ఆరేళ్లండీ.”

“అయ్యో,” అన్నాడతను నిజంగానే జాలిపడి. “అదంతా మర్చిపోవడానికే రెండు వారాలు పడుతుందండీ.”

కోర్సుకు ముప్ఫై వేలు, సొంతంగా కొనుక్కోవలసిన టేబుల్‌కు పదకొండు, పరీక్షకు అయిదు, ఫ్రేముకు రెండు. వెరసి నలభై ఎనిమిది వేలు. తర్వాత నర్సింగ్ హోమ్‌లో జీతం నెలకు తొమ్మిది వేలు.

సుమయ్య డిగ్రీ రెండో ఏడు, కామర్స్. “అమ్మీ, ఏ కాగితం లేనప్పుడు నువ్వు పన్నెండు తెచ్చేదానివి,” అంది. “ఇప్పుడు నలభై ఎనిమిది కట్టి తొమ్మిదికి చేరాలంట.”

“మీరు డబ్బు చూస్తున్నారు పాపా, కెరీర్ చూడట్లేదు,” అన్నాడు చరణ్‌తేజ. (తగ్గిన మూడు వేలను అకాడమీ పరిభాషలో ‘వృత్తి గౌరవం’ అంటారు.)

నఫీసా బంగారు గాజు ఒకటి తాకట్టుకు వెళ్లింది. పరుపులు కుట్టే భర్త అబ్దుల్ మజీద్ మాత్రం, “టేబుల్ కొనుక్కో, దానిమీదికి పరుపు నేను కుడతాలే,” అని ఖర్చులో తన భాగం ప్రకటించాడు.

తరగతిలో పసిబిడ్డకు బదులు ప్లాస్టిక్ బొమ్మ ఉంది. మొదటిరోజే నఫీసా అలవాటుగా నేలమీద కాళ్లు చాపుకుంది.

“కాళ్లు పరికరాల జాబితాలో లేవండీ,” అన్నారు మాస్టారు.

“టేబుల్ మీంచి పిల్ల దొర్లితేనో అండీ?”

“సిలబస్‌లో పిల్ల దొర్లదండీ.”

మాస్టారు రోజూ పావుగంట పాఠం చెప్పి వేరే పనిమీద పోయేవారు. మిగతా తరగతి నఫీసా నడిపించేది. అదే కోర్సులో చేరిన పంతొమ్మిదేళ్ల లక్ష్మీప్రసన్న రోజూ తొమ్మిదింటికి గుమ్మం దగ్గరి హాజరు మెషీన్‌లో వేలు పెట్టి, తొమ్మిదీ అయిదుకు సెల్‌ఫోన్ కొట్టులో ఉద్యోగానికి పోయేది. ఒకరోజు అకాడమీవాళ్లు ప్రకటన కోసం బొమ్మకు నూనె పడుతున్న నఫీసా చేతులను ఫొటో తీశారు. ముఖం అక్కర్లేదని, మణికట్టు దాకా చాలని చెప్పారు. ఎప్పుడో మరిగే నీళ్లు పడి వంకర తిరిగిన చిటికెన వేలు కూడా అందులో చక్కగా వచ్చింది.

కోర్సు ముగిసే నలభై అయిదో రోజున చరణ్‌తేజ కంప్యూటర్ చూసి, మీ హాజరు సున్నా అన్నాడు.

“రోజూ వేలు పెట్టానండీ. అది కూత పెట్టేది. పర్లేదు, తీసుకుంటుందని మీరే అన్నారు.”

“తీసుకోలేదండీ. మీ వేళ్లకు గీతలే లేవు.”

నఫీసా చేతులు తిప్పి చూసుకుంది. “రుద్దీ రుద్దీ అరిగిపోయాయండీ.”

“నిజమేనండీ. కానీ ముద్ర పడకపోతే రానట్టే లెక్క.”

“రోజూ మీ కళ్లెదుటే కూర్చున్నాను కదండీ.”

“నేను చూశానండీ. కానీ నేను మెషీన్‌ని కాదు కదండీ.”

అప్పీలుకు అవకాశం ఉంది. దరఖాస్తు వేలిముద్ర వేసి పంపాలి. తరగతులకు రానివారికి ఫీజు వాపసు ఇవ్వరు. లక్ష్మీప్రసన్నకు నూరు శాతం హాజరు, మొదటి శ్రేణి, ఆ పైన మాతృదీపంలో ఉద్యోగం.

తేజస్వికి ఆడపిల్ల పుట్టింది. రెండో రోజు అచ్చమ్మ ఫోన్ చేసింది.

“పిల్ల ఒకటే గుక్కపట్టి ఏడుపు. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. ఆ లక్ష్మీప్రసన్నేమో టేబుల్ మీద పెట్టి, వేడి అట్ల పెనం తాకినట్టు తాకుతోంది. నువ్వొచ్చెయ్యవే, నేను చూసుకుంటాను.”

నఫీసా నూనె సీసా సంచిలో వేసుకుని బయల్దేరింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఏసుబాబు చెయ్యి అడ్డం పెట్టాడు. పై అంతస్తు కిటికీలోంచి ఏడుపు కిందికి వినబడుతోంది.

“కాగితం ఉందాండీ?”

“లేదు బాబూ. ఒక్క పది నిమిషాలు. ఆ పిల్లకు కడుపుబ్బరం, ఏడుపు వింటేనే తెలుస్తోంది.”

“నా ఉద్యోగం పోద్దండీ పిన్నిగారూ. ఎవరి చేతులు పడితే వాళ్ల చేతులు కుదరవంట. అలాంటివి ఉండాలంట, చూడండి.”

పాత బోర్డు పక్కనే కొత్తగా కట్టిన ఫ్లెక్సీని చూపించాడు. నిలువెత్తున రెండు చేతులు బొమ్మ వీపున నూనె పడుతున్నాయి. చిటికెన వేలు వంకరగా ఉంది. కింద ‘శిక్షణ పొందిన చేతులు’ అని రాసి ఉంది.

నఫీసా చాలాసేపు చూసింది. సంచి పట్టుకున్న చెయ్యి కొంగులోకి లాక్కుంది.

“అలాంటి చేతులు రావాలంటే ఏం చెయ్యాలి బాబూ?”

“ఏలూరులో నేర్పుతారంటండీ,” అన్నాడు ఏసుబాబు. “ఏమీ రాకపోయినా పర్లేదంట. రోజూ వెళ్తే చాలంట.”