మడతబందు పిన్ను కేసు

సైకిలు హాల్లోంచి తీయాలని నేను, నేరం జరిగిన చోట పూచికపుల్ల కూడా కదపకూడదని మా ఆయన, పొద్దుటినుంచి వాదించుకుంటున్నాం.

"ఈ బుర్రకి అందని రహస్యం ఇంకా పుట్టలేదు," అన్నారాయన నుదుటికి వేలు ఆనించి. పక్కింటి పిల్లి తప్పిపోతే, అది తిరిగొచ్చాక ఆచూకీ కనిపెట్టిన బుర్ర అది.

ఆ మడత సైకిలు నాది, పెళ్ళికి ముందు కొనుక్కున్నది. ఎనిమిది నెలల కిందట "నాకొదిలెయ్, కొత్తదాన్ని చేస్తా" అని ఊడదీశారు. తుప్పు గీకారు, రంగు వేశారు, రంగు నచ్చక మళ్ళీ గీకారు. సోమవారం నేను కొత్త ఆఫీసులో చేరాలి. సైకిలు లేకపోతే రెండు బస్సులు మారాలి. తీరా బిగించబోతే, రెండు సగాలనీ కలిపే మడతబందు పిన్ను మాయం.

నా పౌడరు డబ్బా మొత్తం చల్లి వేలిముద్రలు తీశారు. దొరికిన పదిహేడూ ఆయనవే. 'నా వేలిముద్రలనే దొంగిలించిన ఘనుడు' అని డైరీలో రాసుకున్నారు. పోయిన ఆదివారం ఎక్కడున్నావని అమ్మాయిని నిలదీస్తే, "మీ పక్కనే నాన్నా, స్పానర్ పట్టుకుని," అంది. దాని పేరు కింద రెండు గీతలు పడ్డాయి. అత్తయ్యని మాత్రం ఏమీ అడగలేదు. కన్నతల్లిని శంకించడం డిటెక్టివులకి తగదట.

సాయంత్రం అందరినీ హాల్లోకి పిలిచారు. అత్తయ్య ఓ పక్కన ఆయన చొక్కాలే ఇస్త్రీ చేస్తున్నారు.

"నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు," అంటూ ఆయన ఇస్త్రీబల్ల మీద గుద్దారు.

అత్తయ్య ఇస్త్రీపెట్టె పైకెత్తేశారు కాబట్టి సరిపోయింది. బల్ల కాళ్ళు చాపేసింది. చొక్కాలూ, వాటి మీద డిటెక్టివూ నేలకరిచాక, పిన్ను దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది.

"బల్ల కాలు ఊడిందని ఆర్నెల్లు నీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పానురా," అన్నారు అత్తయ్య. "నీకు తీరిక లేదు. ఇది కనబడితే దూర్చాను."

"నేననుకుంటూనే ఉన్నా," అన్నారాయన కిందినుంచే. "కేసు తేలిపోయింది."

నేను పిన్ను తుడిచి సైకిలుకి దూర్చి నట్టు బిగించాను. నాలుగు తిప్పులు పట్టింది.

భోజనాల దగ్గర, గొంతు పెంచకుండానే అందరికీ చెప్పాను. "సోమవారం నుంచి సైకిలు మీద ఆఫీసుకి వెళ్తున్నాను. అత్తయ్య ఇక ఇస్త్రీ చెయ్యరు. ఎవరి చొక్కాలు వాళ్ళు నేలమీద దుప్పటి పరుచుకుని చేసుకోవాలి."

ఈ ఇంట్లో చొక్కాలు తొడుక్కునేది ఎవరో కనిపెట్టడానికి ఆయనకి కూడా ఎంతోసేపు పట్టలేదు.