బాతుకాళ్లకు మంజూరైన ఆదివారం

నీళ్లలో దిగే హక్కు మనిషికి పుట్టుకతోనే వస్తుందని కొందరు పొరపాటు పడుతుంటారు. అది కాళ్లకు తొడుక్కున్నదాన్ని బట్టి వస్తుంది. ఈ సత్యాన్ని వికారాబాద్‌లోని జలవిహార పాదరక్షల పరిశీలన కేంద్రం (స్థాపన: అవసరం పడక ముందే) ఏనాడో తేల్చేసింది. తాండూరులో ఇల్లు నడుపుతూ, బీకాం పట్టాను బీరువాలో పట్టుచీరల కింద భద్రపరచుకున్న మనోరమకు మాత్రం కాస్త ఆలస్యంగా తెలిసింది.

కుక్కర్ మూడో విజిల్‌కూ నాలుగో విజిల్‌కూ మధ్య ఆమె ఫోన్‌లో ఒక వీడియో చూసింది. గాలి నింపిన పెద్ద ట్యూబు, దాని మధ్యలో కుర్చీలాంటి ఆసనం, అందులో ఒక మనిషి. మోకాళ్ల కింది భాగమంతా నీళ్లలో ఉంది. కాళ్లకు బాతుకాళ్లలాంటి రబ్బరు ఫిన్స్, చేతిలో గాలం. కాళ్లు ఆడిస్తే ట్యూబు కదులుతోంది. ఆ మనిషిని ఎవరూ ఏమీ అడగడం లేదు. కనీసం రుమాలు ఎక్కడుందని కూడా అడగడం లేదు. మనోరమకు చేపల మీద ఎప్పుడూ పెద్ద మోజు లేదు. ఆ అడగకపోవడం మీద పుట్టింది.

వికారాబాద్ దగ్గరి చెరువులో మత్స్యకారుల సంఘం పెద్ద వలలు వేసే ముందు, గాలం సరదా ఉన్నవాళ్లకు ఏడాదికి ఒక్క ఆదివారం వదిలేస్తుంది. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజర్‌గా ఉన్న భర్త నవీన్‌కుమార్ ఉదారంగా ఒప్పుకున్నాడు.

"ఆ దినం పొయ్యి నాది. నువ్వు నీళ్లల్ల కూసో" అన్నాడు.

పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆమెకు మంజూరైన మొదటి ఆరు గంటలు అవి. మనోరమ వాటిని వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకుంది. రెండుసార్లూ ఆరే వచ్చాయి.

ట్యూబు సులభంగానే వచ్చింది. చిక్కంతా కాళ్ల దగ్గర మొదలైంది. ఫిన్స్ ఎంపిక మీద ఆమె చేసిన పరిశోధన, డిగ్రీ మూడేళ్లలో చేసిన మొత్తం పరిశోధనను మించిపోయింది. పొడుగు ఫిన్స్ జోరుగా తోస్తాయి గాని మోకాళ్లను బలి అడుగుతాయి. పొట్టివి మోకాళ్లను వదిలేస్తాయి గాని గాలి ఎటు తోస్తే అటే తీసుకుపోతాయి. ఒట్టి కాళ్లకు తొడిగితే మడమల తోలు లేస్తుంది. రబ్బరు చెప్పుల మీద తొడగబోతే చెప్పు ఒకటి జారి, మనకంటే ముందు అవతలి గట్టుకు చేరుతుంది. చివరికి వెనక పట్టీ ఉండి, లోపల బూటుతో సహా కాలు పట్టే రకాన్ని ఆమె ఖాయం చేసింది. అవి తొమ్మిదో నంబరులోనే దొరికాయి. మనోరమ పాదం ఆరు. మిగతా మూడు నంబర్లను తెలివితేటలతో నింపుకోవచ్చని ఆమె ధీమా.

ఆ తెలివితేటలు నవీన్‌కుమార్ క్యాన్వాస్ బూట్ల రూపంలో దొరికాయి. షుగరుందని డాక్టరు చెప్పిన రోజున నడక కోసం కొని, నడక నుంచి ఆయన ఎంతో జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చిన బూట్లు. రెండు జతల సాక్సులు వేసుకుని, ఆ బూట్లు తొడిగి, వాటి మీద ఫిన్స్ బిగించి, మనోరమ పెరట్లో నాపరాళ్ల మీద మొదటి అడుగు వేసింది. రెండో అడుగు వేసేలోపే బట్టలారేసే తీగను పట్టుకుని వేలాడింది.

పక్కింటి ఉమ్రావ్ బేగం గోడ మీంచి తొంగి చూసింది.

"అరే మనోరమా, గిదేందే? బతక్ లెక్క నడుస్తున్నవ్?"

"ఫిన్స్ ఆపా. నీళ్లల్ల తన్నెతందుకు."

"నీళ్లేడున్నయ్?"

"వికారాబాద్‌ల."

"మరి గీడెందుకు తంతున్నవ్?"

ఉమ్రావ్ బేగం జాలిపడింది. "ముందుకు నడిస్తె పడ్తవ్ బిడ్డా. ఎన్కకు నడువ్. మా సాస్, గదే అత్త, ముందలికెల్లి మేం గట్లనే ఎన్కకు నడుసుకుంట వచ్చేటోళ్లం. ఒక్కనాడు గూడ పడలే."

మనోరమ వెనక్కి నడిచింది. పడలేదు. (ఫిన్స్ తొడిగినవాళ్లు నేల మీద వెనక్కే నడవాలని, ట్యూబు కూడా వెనక్కే పోతుందని వీడియోలో ఉన్న మాట నిజమే. దాన్ని ఆమె నాలుగో విజిల్ వల్ల అప్పుడు వినలేదు, ఆ రాత్రి మళ్లీ చూసినప్పుడు వింది.)

ఇక మిగిలింది పాసు. ఆదివారం చెరువులో దిగాలంటే శుక్రవారం లోపల పరిశీలన కేంద్రంలో పాదరక్షలు చూపించి పాసు తెచ్చుకోవాలి. శుక్రవారం పొద్దుటి రైలుకు మనోరమ ఫిన్స్‌ను బూట్లతో సహా సంచిలో పెట్టుకుని వికారాబాద్‌లో దిగింది.

కేంద్రం ముందు పొడుగాటి వరుస ఉంది. అందులో మనుషులు లేరు, చెప్పులున్నాయి. వరుసలో తాను నిలబడి తన చెప్పులకు విశ్రాంతినిచ్చే అమాయకత్వాన్ని ఈ జిల్లా యూరియా బస్తాల కోసం బారులు తీరిన నాడే వదిలేసింది. చెప్పులు ఎండలో నిలబడతాయి, వాటి యజమానులు వేపచెట్టు కింద కూర్చుని వాటి క్రమశిక్షణను మెచ్చుకుంటారు.

మనోరమ కాళ్లకు కొత్త చెప్పులున్నాయి. వాటిని ఎండలో వదిలి పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. సంచిలోంచి ఫిన్స్ తీసి, లోపల బూట్లు సర్ది, వరుస చివర ఠీవిగా నిలబెట్టింది. ఆ తర్వాత వచ్చి తన తెగిన చెప్పులు పెట్టబోయిన మర్పల్లి ఈరయ్యకు చోటు గట్టి నేల దాటి బురదలోకి పోయింది. ఆయన బర్రెలను చెరువులో కడిగేందుకు పాసు కోసం వచ్చాడు. (ఫారంలో 'పాదాల సంఖ్య' అన్న గడిలో ఏం రాయాలో ఆయనకూ తెలియదు, కేంద్రానికీ తెలియదు.)

"గిదేంది బిడ్డా, ముగ్గురి జాగ నువ్వొక్కదానివే పట్టినవ్?"

"నా కాళ్లే గంతున్నయ్ కాకా."

"అబద్ధమాడకు. కాళ్లు నీ కాడనే ఉన్నయ్ గద, చిన్నగనే ఉన్నయ్. గా ఏసుకున్న చెప్పులు పెట్టరాదు?"

"పోతే?"

"పోతే పోతయ్. నువ్వు ఇంకొకలయ్ తొడుక్కొని పో. లోకం గట్లనే నడుస్తుంది."

ఆ సలహాను మనోరమ చిరునవ్వుతో తోసిపుచ్చింది. చదువుకున్నవాళ్లు మంచి సలహాను అలాగే తోసిపుచ్చుతారు.

పదకొండింటికి సహాయ పాద పరిశీలకుడు మల్లప్ప టేపూ రిజిస్టరూ పట్టుకుని బయటికొచ్చాడు. వరుస వెంట వంగి నడుస్తూ ఒక్కొక్క జతనూ కొలిచి రాసుకున్నాడు. మనుషులను పిలవలేదు. పిలిస్తే మాట్లాడతారు. మాట్లాడని వాటిని పరిశీలించడం వల్ల రోజుకు నలభై దరఖాస్తులు అదనంగా తెములుతున్నాయని కేంద్రం గోడ మీద రాసి ఉంది.

మనోరమ వంతు వచ్చి కిటికీ దగ్గరికి చేరేసరికి పాసు సిద్ధంగా ఉంది. ఆమె నింపిన ఫారంలో ఒక్క గడి దగ్గర మల్లప్ప ఆగాడు.

"ప్రయాణ దిశ 'వెనుకకు' అని రాసినరు?"

"గిది ఎన్కకే పోతది సార్."

"పోనియ్యండ్రి. రికార్డుల ముందుకే పోవాలె." దిద్దేశాడు.

అప్పుడు ఆమె చూపు పాసులోని కింది గడి మీద పడింది. 'పాదం: తొమ్మిది.'

"సార్, నా కాలు ఆరు."

"లైన్ల నిలబడ్డది తొమ్మిది గద?"

"అవి మా ఆయన బూట్లు సార్."

"ఆయన రాలేదా?"

"రాలేదు."

"బూట్లు వచ్చినయ్." మల్లప్ప ఈ తేడాను కాసేపు గౌరవంగా పరిశీలించాడు. "సవరణ కావాల్నంటె సోమవారం మళ్ల లైన్ల పెట్టుండ్రి."

"దిగేది ఆదివారం సార్."

"దిగినంక సవరించుకోండ్రి. తొందరేమున్నది?"

మనోరమ పాసు మడిచి పర్సులో పెట్టుకుంది. కాగితం మీద ఒకటుండి కాళ్ల మీద ఇంకొకటుంటే ఎవరు చూడొచ్చారు, అని రైలులో తనకు తానే చెప్పుకుంది. బీకాం ఆమెకు మిగిల్చిన ధైర్యం అదొక్కటే.

ఆదివారం తెల్లవారగానే నవీన్‌కుమార్ బండి వెనక ట్యూబు కట్టి, మధ్యలో మనోరమను ఇరికించి, చెరువు దగ్గర దించాడు. దించి వెనక్కి వెళ్లి వంట మొదలుపెట్టాల్సి ఉంది. గట్టు మీద సంఘం తరఫున మొగులమ్మ కూర్చుని ఉంది. ఆమె ముందు పాదాల గుర్తులూ నంబరు గీతలూ చెక్కిన కర్రపలక ఉంది.

"బూట్లిడిసి కాలు పెట్టు బిడ్డా."

మనోరమ లైఫ్ జాకెట్ సర్దుకుంటూ కాలు పెట్టింది. ఆరో గీత దాటలేదు.

"గీ పాసు నీది గాదు."

"నా పేరే ఉన్నది గదమ్మా, చూడు."

"పేరుతోని నేనేం జేస్త? నాకు సదువు రాదు. అంకెలొస్తయ్, కాలు చూస్త. తొమ్మిది నంబరు కాలెవలిది?"

మనోరమ చూపు పక్కకు జారింది. మొగులమ్మ ఆ చూపు వెంటే పోయి నవీన్‌కుమార్ పాదాల దగ్గర ఆగింది.

"నేనా? నాకు ట్యూబెక్కుడే రాదు" అన్నాడు నవీన్‌కుమార్, పెళ్లిచూపుల్లో సిగ్గుపడినట్టు.

"ఎక్కుడేంది, కూసునుడే. పెట్టు."

పెట్టాడు. పలక ఆ పాదం కోసమే చెక్కినట్టు అతికింది. మొగులమ్మ పాసు మీద ముద్ర గుద్దింది.

ఆ క్షణంలో మనోరమ ఎదురు తిరగవచ్చు, పాసు చింపవచ్చు, గట్టు మీద బైఠాయించవచ్చు. కాని రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పోపు పెట్టకుండా పారేయలేని మనిషి, ముద్రపడిన ఆదివారాన్ని పారేస్తుందా?

"పాసు ఖరాబైతది" అంది తన నోటితోనే. "పోండ్రి. రెండు జతల సాక్సులు మీకవసరం లేదు. పట్టీ గట్టిగ గుంజుకోండ్రి. ఎన్కకు నడువుండ్రి. ఇగ తన్నుండ్రి."

ఆయన చక్కగా తన్నాడు. ఎంపిక ఎంత బాగా కుదిరిందో గట్టు మీంచి స్పష్టంగా కనిపించింది. పట్టీ జారలేదు, మడమ ఒరుసుకోలేదు, బూటులో కాలు ఆడలేదు. ఆరు గంటల పాటు నవీన్‌కుమార్ నీళ్ల నడుమ మౌనంగా, హాయిగా, వెనక్కి వెనక్కి వెళ్లాడు.

పన్నెండింటికి ముప్పావు కిలో కొర్రమీనుతో బయటికొచ్చాడు. "మస్తు అలసిన మనోరమా, కాళ్లు గుంజుతున్నయ్" అన్నాడు నిజాయితీగానే. పొయ్యి సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి రాగానే మనోరమ చేపకు బూడిద రుద్ది, కొంగు దోపి, కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. వంటింటి గడప దగ్గర ఆమె కాలి నంబరు ఎవరూ అడగలేదు.